పడమటి తీరం కింద 7.3 పొర మాగ్మాయేనా? గ్రావిటీ ఒక్కటే చూసి చెప్పలేం

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మంగళూరు తీరం నుంచి అరేబియా సముద్రం అడుగున ఉన్న లక్ష్మీ బేసిన్ (పల్లపు ప్రాంతం) మీదుగా లక్ష్మీ రిడ్జ్ (మునిగి ఉన్న గట్టు) దాకా ఒక ప్రొఫైల్ (నిలువు కోత లైను) తీసుకుని, శాటిలైట్ గ్రావిటీ డేటాతో 2-డి మోడల్ చేశారు. క్రస్ట్ (భూమి పై పెంకు) అడుగున 5 కిలోమీటర్ల మందంతో, ఘన సెంటీమీటరుకి 3.05 గ్రాముల సాంద్రతతో ఒక దిమ్మ పెడితే, లెక్కగట్టిన కర్వ్ కొలిచిన కర్వ్‌కి అతికినట్టు సరిపోయింది. పాత రిఫ్రాక్షన్ (కింది పొరల్లో వంగి వచ్చే కంపన తరంగాలతో వేగం కొలిచే పద్ధతి) పేపర్లలో ఆ ప్రాంతంలో సెకనుకు 7.3 కిలోమీటర్ల వేగం కూడా దొరికింది. దాంతో ఆ దిమ్మకి 'మాగ్మాటిక్ అండర్‌ప్లేటింగ్' (క్రస్ట్ అడుగున మాగ్మా చేరి గడ్డకట్టడం) అని పేరు పెట్టి పేపర్ పంపారు. రివ్యూయర్ 'ఇది మాగ్మాయే అని ఎలా తెలుసు?' అని ఒకే ఒక్క లైను రాసి వెనక్కి కొట్టాడు. గైడ్ గారేమో ఫిట్ ఇంకా బాగు చేసి మళ్లీ పంపమంటున్నారు. చివర్లో, రాజమండ్రిలో కూడా లావా ఉంది కదా, మరి మన తూర్పు తీరాన్ని కూడా అగ్నిపర్వత తీరం అనొచ్చా అని అడిగారు.

గైడ్ గారితో గొడవ పెట్టుకోమని చెప్పను. కానీ ఫిట్‌లో తేడాని 3 మిల్లీగాల్ (గ్రావిటీ తేడాల్ని కొలిచే యూనిట్) నుంచి 1 మిల్లీగాల్‌కి తెచ్చినా ఆ రివ్యూయర్ మళ్లీ అదే లైను రాస్తాడు.

నేనూ సరిగ్గా ఇదే చేశాను, 1999లో, గిండీలో ఒక అద్దె ఆఫీసులో. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఆఫ్‌షోర్ లైను ఒకటి మోడల్ చేసి, కింద నల్ల రంగు దిమ్మ గీసి, కర్వ్ మీద కర్వ్ కూర్చున్న ప్రింటు పట్టుకుని మా సీనియర్ దగ్గరికి వెళ్లాను. ఆయన తమిళాయన, మాట తక్కువ. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా దిమ్మని డిలీట్ చేసి, మోహోని (క్రస్ట్‌కీ దాని కింది మాంటిల్‌కీ మధ్య సరిహద్దు) మౌస్‌తో కాస్త పైకి లాగాడు. ఫిట్ అంతే ఉంది. 'ఇప్పుడు నీ మాగ్మా ఎక్కడికి పోయింది?' అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ రోజు ఆయన చేసింది మీరు కాగితం మీదే చేసుకోవచ్చు. పలక సూత్రం (పొరని అంతులేని బల్లపరుపు పలకగా ఊహించే లెక్క) ప్రకారం ఒక కిలోమీటరు మందానికి, సాంద్రతలో 1 తేడాకి, 41.9 మిల్లీగాల్ వస్తుంది. మీ దిమ్మ 3.05, చుట్టూ ఉన్న కింది క్రస్ట్ 2.90 అనుకుందాం. తేడా 0.15. ఐదు కిలోమీటర్లకి 41.9 × 0.15 × 5, అంటే 31 మిల్లీగాల్ పైచిలుకు. ఇక మోహో దగ్గర, మాంటిల్ 3.30 అనుకుంటే తేడా 0.40. అక్కడ అదే 31 మిల్లీగాల్ రావాలంటే మోహోని 1.9 కిలోమీటర్లు పైకి జరిపితే చాలు. ఆ ప్రాంతంలో మోహో లోతు రెండు కిలోమీటర్ల లోపు కచ్చితత్వంతో తెలుసని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా? చెప్పలేనంతవరకు, మీ 5 కిలోమీటర్ల దిమ్మ మోహో అనిశ్చితిలోనే దాక్కుని ఉంది.

ఇందులో చిన్న తమాషా ఉంది. మీ సాఫ్ట్‌వేర్‌లో బహుభుజుల గ్రావిటీ లెక్కగట్టే పద్ధతి భూభౌతిక శాస్త్రవేత్త మానిక్ తల్వానీ, ఆయన సహచరులు 1959లో ఇచ్చింది. అదే తల్వానీ 1980ల మొదట్లో నైనీ అనే పరిశోధకుడితో కలిసి మన పడమటి తీరం ఆవల సోనోబోయ్ రిఫ్రాక్షన్ డేటాని విశ్లేషించారు. లక్ష్మీ రిడ్జ్ ఖండం ముక్క కావచ్చని చెప్పిందీ వాళ్లే. గ్రావిటీకి పరికరం ఇచ్చిన మనిషే, క్రస్ట్ సంగతి తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు సీస్మిక్ (కంపన తరంగాల) డేటా దగ్గరికి వెళ్లాడు.

సరే, 7.3 దగ్గరికి వద్దాం.

ముందు ఆ అంకె ఎలా పుట్టిందో చూడండి. సోనోబోయ్ అంటే నీళ్ల మీద తేలే మైకు, రేడియోతో ఓడకి సిగ్నల్ పంపుతుంది. ఓడ దాన్ని వదిలేసి షాట్లు (కంపనం పుట్టించే పేలుళ్లు) కొట్టుకుంటూ ముందుకు పోతుంది. షూటింగ్ ఒకే దిక్కులో. పొరలు బల్లపరుపుగా ఉంటే ఇబ్బంది లేదు. కానీ పైన 6.0, కింద 7.0 వేగాలున్న రెండు పొరల మధ్య సరిహద్దు 4 డిగ్రీలు వాలి ఉంటే, ఎగువకి షూట్ చేసినప్పుడు మీకు 7.3 కనబడుతుంది, దిగువకి షూట్ చేస్తే 6.7. నిజం 7.0. ఒక్క దిక్కు డేటాయే చేతిలో ఉంటే వాలుకీ వేగానికీ తేడా పట్టుకునే మార్గం లేదు. తీరం అంచుల్లో 4 డిగ్రీల వాలు పెద్ద వింతేం కాదు.

రెండోది, ఆ తరంగం ఎంత దూరం కనిపించింది? ఇది ఎవరూ అడగరు, నేను ఎప్పుడూ ఇదే అడుగుతాను. 7.0కీ 7.3కీ 50 కిలోమీటర్ల దూరంలో టైము తేడా 0.29 సెకను. అది కంటికే తెలుస్తుంది. అదే 15 కిలోమీటర్లే కనిపించి, తర్వాత మోహో నుంచి వచ్చే ప్రతిఫలనంలో కలిసిపోతే, తేడా 0.09 సెకను. అలలు, నాయిస్ మధ్య పిక్ చేసేటప్పుడు చేతి పొరపాటే 0.05 నుంచి 0.1 దాకా ఉంటుంది. అంటే ఆ 15 కిలోమీటర్ల నుంచి వచ్చిన 7.3ని 7.0 అని రాసినా డేటా అభ్యంతరం చెప్పదు. పాత పేపర్లో టేబుల్‌లో ఉన్న అంకెని ఎత్తి మోడల్‌లో పెట్టుకునే ముందు, అదే పేపర్లో రికార్డ్ సెక్షన్ బొమ్మ (ఏ దూరానికి తరంగం ఎప్పుడు చేరిందో చూపేది) ఉంటే స్కేలు పెట్టి కొలవండి. రిడక్షన్ వెలాసిటీ 8 పెట్టి (అంటే 8 వేగానికి పట్టే టైముని ప్రతిచోటా తీసేసి) గీసిన బొమ్మలో మాంటిల్ తరంగం బల్లపరుపుగా కనిపిస్తుంది, 7.3 తరంగం కొంచెం ఏటవాలుగా ఎక్కుతుంది. ఆ ఏటవాలు గీత ఎంత పొడవుందో చూస్తే ఆ అంకెని ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది.

ఓబీఎస్ (ఓషన్ బాటమ్ సీస్మోమీటర్) లైను ఉంటే కథ వేరు. సముద్రం అడుగున వరసగా పెట్టిన రికార్డర్లు, రెండు దిక్కుల నుంచీ షాట్లు, ఒకదాని మీద ఒకటి వచ్చే కిరణాలు. వాలు సమస్య చాలావరకు తీరిపోతుంది. మీ లైనుకి దగ్గర్లో అలాంటిది ఉంటే, అది 100 కిలోమీటర్లు పక్కకి ఉన్నా సరే, మీ మోడల్‌ని ముందు దానికి కట్టేయండి.

ఇప్పుడు 7.3 నిజమే అనుకుందాం. అప్పుడు కూడా ఆ వేగం ఉన్న రాళ్లు కనీసం మూడు రకాలు. ఒకటి మీరు కోరుకుంటున్నది: ఖండం చీలినప్పుడు మాంటిల్ కరిగి, పైకి వచ్చి, క్రస్ట్ అడుగున గడ్డకట్టిన గాబ్రో అనే నల్లటి రాయి. రెండోది సముద్రపు నీరు కిందికి దిగి, మాంటిల్ రాయిని పాక్షికంగా సర్పెంటినైట్ అనే, నీరు కలిసిన తేలిక రాయిగా మార్చేయడం. శుద్ధమైన మాంటిల్ వేగం 8 చుట్టూ ఉంటుంది, అందులో ఐదో వంతో నాలుగో వంతో మారితే 7.3కి దిగుతుంది. మూడోది, చీలిక రాకముందు నుంచే అక్కడ ఉన్న పాత కింది క్రస్ట్, అంటే మాఫిక్ గ్రాన్యులైట్ (ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న, లోతు వేడికి మారిన రాయి), గార్నెట్ ఖనిజం ఉంటే ఇంకా వేగంగా.

మూడోదాన్ని మనవాళ్లు మరీ తేలిగ్గా తీసుకుంటారు. మీరుండేది చెన్నైలో. సబర్బన్ రైలెక్కి పల్లావరం దగ్గర దిగి ఆ కొండల రాయిని చూడండి. థామస్ హాలండ్ 1893లో చార్నకైట్ అని పేరు పెట్టిన రాయి అదే జాతి. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి రాయిని బట్టి ఆ పేరు వచ్చింది. ఒకప్పుడు క్రస్ట్ లోతుల్లో ఉడికిన రాళ్లు ఇవి, ఇవాళ విమానాశ్రయం పక్కన కొండలై కూర్చున్నాయి. హాలండ్ వర్ణించిన ఆ సిరీస్‌లోనే గ్రానైట్ లాంటి తేలిక రకాల నుంచి బరువైన నల్లటి బేసిక్ రకాల దాకా ఉన్నాయి. ఆ నల్ల రకం 25 కిలోమీటర్ల లోతున ఉంటే, దాని వేగం, సాంద్రత చూసి గాబ్రో నుంచి దాన్ని విడదీయడం మహా కష్టం. ఒకటి 250 కోట్ల ఏళ్ల నాటిది, ఇంకోటి 6.5 కోట్ల ఏళ్ల నాటిది. మీ సాఫ్ట్‌వేర్‌కి వయసు తెలియదు.

మరి విడదీయడం ఎలా? నేను మొదట చూసేది ఆ పొర ఎటు పోతోంది అని. తీరం వైపు, చీలిక ప్రభావం లేని చోటికి పోయినా పొర అలాగే కొనసాగుతుంటే, అది పాతది అనుకోవడమే న్యాయం. మీ లైను మంగళూరు దగ్గర ఒడ్డెక్కుతుంది, అంటే పశ్చిమ ధార్వార్ అనే అతిపాత ఖండ భాగం మీదికి. రిసీవర్ ఫంక్షన్ల (దూరపు భూకంపాల తరంగాలతో క్రస్ట్ మందం తేల్చే పద్ధతి) ప్రకారం తూర్పు ధార్వార్ క్రస్ట్ సుమారు 35 కిలోమీటర్లు, పశ్చిమ ధార్వార్‌లో 40 దాటి, కొన్నిచోట్ల 50 పైన. అంత మందపు క్రస్ట్ అడుగున మాఫిక్ రాయి ముందే ఉంది అనుకుంటే తప్పేముంది? దాన్ని సాగదీసి పల్చన చేసి సముద్రంలోకి లాగితే మీ దిమ్మ లాంటిదే మిగులుతుంది. మీరు కావలి వాళ్లమని రాశారు కాబట్టి చెబుతున్నాను. మన దేశంలో మొదటి డీప్ సీస్మిక్ సౌండింగ్ (కంపన తరంగాలతో లోతు క్రస్ట్‌ని కొలిచే) లైను మీ ఊళ్లోనే మొదలైంది. కావలి నుంచి ఉడుపి దాకా, 1972–75 మధ్య, సోవియట్ నిపుణుల సహకారంతో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) చేసింది. సుమారు 600 కిలోమీటర్లు. దాని పడమటి కొస మీ ప్రొఫైల్ ఒడ్డెక్కే చోటికి దగ్గర్లోనే ఉంది. మీ మోడల్‌లో భూమి వైపు కొసని మీకు నచ్చినట్టు గీయకుండా, ఆ లైను మోహోకి కట్టేయండి. రివ్యూయర్‌కి సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

సర్పెంటినైట్ సంగతి తేల్చడం కొంచెం సులువు. నీళ్లు మాంటిల్ దాకా దిగాలంటే క్రస్ట్ మొత్తం పెళుసుగా మారి, పగుళ్లు పై నుంచి కింది దాకా తెరుచుకోవాలి. క్రస్ట్ బాగా పల్చబడితేనే అది సాధ్యం, పది కిలోమీటర్ల లోపు అనుకోండి. స్పెయిన్ పడమటి తీరం గలీషియా దగ్గర అదే జరిగింది. 1985లో ఓడీపీ (సముద్రం అడుగు తవ్విన అంతర్జాతీయ కార్యక్రమం) లెగ్ 103, అంటే 103వ యాత్రలో సర్పెంటినైట్ చేతికే వచ్చింది. మీ దిమ్మ పైన 15 కిలోమీటర్ల క్రస్ట్, దాని మీద లావా దొంతరలు ఉంటే నీళ్లు అక్కడికి చేరే దారి లేదు. ఇంకో గుర్తు కూడా ఉంది. సర్పెంటినైట్ అయితే వేగం లోతుకి పోయేకొద్దీ నెమ్మదిగా 8కి పెరుగుతుంది, మోహో నుంచి గట్టి ప్రతిఫలనం రాదు. గాబ్రో అయితే అడుగున స్పష్టమైన గీత కనిపించే అవకాశం ఎక్కువ. చాలామంది ఎస్ తరంగాలు ఉంటే చాలు, పీ, ఎస్ అనే రెండు రకాల తరంగాల వేగాల నిష్పత్తితో తేలిపోతుంది అంటారు. పూర్తిగా మారిన సర్పెంటినైట్‌కి అది నిజమే. కానీ ఐదో వంతు మాత్రమే మారినప్పుడు ఆ నిష్పత్తి 1.8 దగ్గర ఉంటుంది, గాబ్రోదీ అక్కడే. ఆ నిష్పత్తి బాగా పనికొచ్చేది ఫెల్సిక్ (గ్రానైట్ లాంటి తేలిక) క్రస్ట్‌ని పక్కకి తీయడానికి. ఈ ఒక్క విషయంలో పేపర్లలో ధీమా ఎక్కువ, ఆధారం తక్కువ.

మాగ్మాకి అనుకూలంగా సాక్ష్యం కావాలంటే దిమ్మ మీద నుంచి కళ్లు తీసి పైకి చూడండి. అడుగున అంత మాగ్మా గడ్డకడితే, కొంతైనా పైకి పొర్లి ఉండాలి కదా. రిఫ్లెక్షన్ సెక్షన్లలో (ప్రతిఫలించి వచ్చిన తరంగాలతో గీసిన నిలువు కోత బొమ్మల్లో) సముద్రం వైపు వాలుతూ, లోతుకి పోయేకొద్దీ వాలు పెరిగే గీతల కట్టలు, అంటే ఎస్‌డీఆర్‌లు, అందుకే ముఖ్యం. ఇవి ఎక్కువగా నేల మీద పారి, తర్వాత కుంగిపోయిన లావా పొరలు. నార్వే దగ్గర వోరింగ్ ప్లాటోలో 1985లో ఓడీపీ లెగ్ 104 తవ్వినప్పుడు, సముద్రం అడుగున నేల మీద పారిన బసాల్ట్ వందల మీటర్ల మందంతో బయటపడింది. మన దగ్గర దాని పోలిక చూడాలంటే పన్వేల్ దగ్గరికి వెళ్లాలి. కనుమల పైన బల్లపరుపుగా ఉన్న దక్కన్ లావా అక్కడ పడమటికి వంగిపోతుంది. లక్ష్మీ బేసిన్‌లోనూ ఎస్‌డీఆర్‌లు ఉన్నాయని రిఫ్లెక్షన్ డేటా చూసినవాళ్లు రాశారు. మీ దిమ్మ సరిగ్గా వాటి కింద ఉందా, పక్కకి ఉందా అన్నది చూపించండి. కింద ఉంటే మీ వాదనకి నిజమైన బలం వస్తుంది.

ఒక హెచ్చరిక, ఇది కూడా నా సొంత అనుభవమే. సెక్షన్‌లో సముద్రం అడుగు 1.5 సెకన్ల దగ్గర ఉంటే దాని మొదటి మల్టిపుల్ (నీళ్లలో రెండోసారి తిరిగొచ్చిన ప్రతిధ్వని) 3.0 దగ్గర, రెట్టింపు వాలుతో వస్తుంది. స్లోప్ మీద అది అచ్చం ఎస్‌డీఆర్‌లా సముద్రం వైపు వాలి కూర్చుంటుంది. నేను ఒకసారి దాన్ని ఎర్ర పెన్సిల్‌తో అందంగా గీసి, క్లయింట్ ముందు పది నిమిషాలు మాట్లాడాను. ఆయన మర్యాదస్తుడు, మీటింగ్ అయ్యాక బయటకి పిలిచి చెప్పాడు. అప్పటి నుంచి ప్రింటు చేతికి రాగానే ముందు సీబెడ్ టైముని రెండింతలు చేసి పెన్సిల్‌తో గీసుకుంటాను, ఆ తర్వాతే జియాలజీ.

మ్యాగ్నెటిక్ డేటా గురించి ఎక్కువ చెప్పను. దక్కన్ లావాలో అధికభాగం 29ఆర్ అనే తలకిందుల అయస్కాంత కాలంలో, ఇండియా దక్షిణార్ధగోళంలో ఉన్నప్పుడు పారింది. కాబట్టి ఇప్పటి క్షేత్రం దిక్కు పెట్టి మోడల్ చేస్తే తప్పు. ఇక రిడక్షన్ టు పోల్ (డేటాని ధ్రువం దగ్గర కొలిచినట్టు మార్చే ఫిల్టర్) మన అక్షాంశాల్లో వాడకండి. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ కొస దగ్గర్లోనే పోతుంది కాబట్టి ఆ ఫిల్టర్ ఉత్తర-దక్షిణ చారల్ని సృష్టిస్తుంది. మన తీరమూ ఇంచుమించు అటే పోతుంది. ఆ చారల్నే సముద్రపు క్రస్ట్ చారలుగా పొరబడిన థీసిస్ ఒకటి నేను దిద్దాను. బదులుగా అనలిటిక్ సిగ్నల్ (అయస్కాంత దిక్కు మీద అంతగా ఆధారపడని లెక్క) వాడుకోండి.

ఇంకో మాట, 'దక్కన్ పక్కనే కదా, మాగ్మా ఉండకుండా ఎలా ఉంటుంది' అనే వాదన మీ డ్రాఫ్టులో రెండుసార్లు కనిపించింది. దాన్ని తీసేయండి. 2008లో వచ్చిన సీషెల్స్–లక్ష్మీ రిడ్జ్ సీస్మిక్ ఫలితాల్లో అసలు ఆశ్చర్యం అదే: దక్కన్ అంత దగ్గర్లో ఉన్నా, ఆ రెండూ విడిపోయే వేళకి మాగ్మా పెద్దగా లేదు. అంతకుముందు, పక్కనే తెరుచుకున్న గోప్ రిఫ్ట్ అనే చీలికలో ఎక్కువ ఉంది. వేడి ఎక్కడుందో చెప్పినంత మాత్రాన సరిపోదు, అది ఉన్నప్పుడు చీలిక ఎంత వేగంగా సాగింది, అప్పటికే ఎంత కరిగి ఖర్చయిపోయింది అన్నదీ లెక్కే. లక్ష్మీ బేసిన్‌లో 2015లో ఐఓడీపీ (ఓడీపీ తర్వాత వచ్చిన కార్యక్రమం) ఎక్స్‌పెడిషన్ 355 సముద్రం అడుగు నుంచి కిలోమీటరు పైగా తవ్వి, చివర్లో కొన్ని మీటర్ల బసాల్ట్ పైకి తెచ్చింది. చేతిలో రాయి ఉన్నా దాని పుట్టుక మీద ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. చేతిలో రాయి లేని మనం కాస్త తగ్గి రాయడం మంచిది.

రాజమండ్రి ప్రశ్నకి సమాధానం: కాదు. కాటేరు, పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో కనిపించే బసాల్ట్ సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. పడమటి దక్కన్ నుంచి పాత లోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. రెండు లావాల మధ్య సున్నపురాయిలో నత్తగుల్లలు దొరుకుతాయి, అంటే అప్పటికే అది సముద్రపు అంచు. ఆ తీరం అంటార్కిటికా నుంచి విడిపోయింది సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట. కట్టి ఆరున్నర కోట్ల ఏళ్లయిన ఇంటి గుమ్మంలోకి ఎవరో వచ్చి నీళ్లు పోస్తే, ఇల్లు ఆ నీళ్ల వల్లే కట్టారని అనం కదా. తూర్పు తీరంలో చీలిక కాలానికి దగ్గరగా మాగ్మా కావాలంటే ఉత్తరాన రాజ్‌మహల్ వైపు చూడాలి, అది సుమారు 11.7 కోట్ల ఏళ్ల నాటిది. మనకి పనికొచ్చే కథ ఇంకోటి ఉంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో కెర్గెలెన్ లావా పీఠభూమి పక్కన ఎలాన్ బ్యాంక్ అని ఒక గట్టు. ఓడీపీ లెగ్ 183 అక్కడ తవ్వితే గార్నెట్ ఉన్న నైస్ అనే ఖండపు రాళ్ల ముక్కలు వచ్చాయి. అది ఒకప్పుడు మన కృష్ణా-గోదావరి, మహానది తీరాలకి ఆనుకుని ఉన్న ముక్క అని చాలామంది నమ్ముతున్నారు. తూర్పు కనుమల చుట్టం అంత దూరంలో లావా కింద చిక్కుకుని ఉంది.

ఇక మీ పేపర్ సంగతి. ఒక్క మోడల్ పంపకండి, మూడు పంపండి: గాబ్రో దిమ్మతో ఒకటి, దిమ్మ లేకుండా మోహో పైకి జరిపి ఒకటి, ధార్వార్ కింది క్రస్ట్‌ని సాగదీసి ఒకటి. మూడూ గ్రావిటీకి సరిపోతాయి, అది దాచకండి. తర్వాత ఒక్కొక్కదానికీ సీస్మిక్‌లో ఏం కనిపించాలో రాసి, ఉన్న డేటాతో ఏది నిలబడదో చెప్పండి. ఇక దిమ్మ ఉందనుకుంటే, పైన చెప్పిన మూడు రాళ్లలో, నా అంచనా, సర్పెంటినైట్‌ని మీరు నిక్కచ్చిగా కొట్టేయగలరు. గాబ్రో, పాత కింది క్రస్ట్, ఈ రెంటి మధ్య, బేసిన్ వైపు సగంలో గాబ్రో వాదన గెలుస్తుంది, తీరం వైపు సగంలో గెలవదు. మీ దిమ్మ ఒక్కటి కాకుండా రెండు వేరు వేరు రాళ్లు అయ్యే అవకాశం కూడా ఉంది, దాన్ని మధ్యలో నిలువుగా కోసి చూడండి. టైటిల్‌లో 'అండర్‌ప్లేటింగ్' తీసేసి 'అధిక వేగపు కింది క్రస్ట్' అని పెట్టండి. గైడ్ గారు మొదట మొహం చిట్లిస్తారు, ఆ 31 మిల్లీగాల్ లెక్క చూపించండి.

మీరు ఎత్తుకున్న ఆ పాత సోనోబోయ్ సెక్షన్ బొమ్మ స్కాన్ చేసి పెడితే, 7.3 గీత ఎన్ని కిలోమీటర్లు నిలబడిందో నేనూ స్కేలు పెట్టి చూస్తాను.